మామయ్య పెట్టెలో దొరికిన ఇంకు బొమ్మ: ఈ ముఖం గురించి ఎవరైనా చెప్పగలరా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి), ఆదివారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా మేనమామ పోయి ఏడాది దాటింది. ఇక్కడే ఒక స్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. సంవత్సరీకం అయ్యాక అత్తయ్య "ఆ పెట్టెలు ఓసారి తీసి చూడవే, చెద పట్టీగలదు" అంటే ఇవాళ మేడ మీది ట్రంకుపెట్టె దింపాం. పైన పిల్లల పరీక్ష కాగితాలు, రేకు డబ్బాలో పాళీలు, ఎండిపోయిన ఇంకు బుడ్డీలు. అన్నిటికన్నా అడుగున పాత పంచె ముక్కలో చుట్టి ఈ బొమ్మ ఉంది.

ఫొటో పెడుతున్నాను. సరిగా కనిపించదేమోనని మాటల్లోనూ చెబుతాను. దళసరి కాగితం, అడుగుకి కొంచెం ఎక్కువ పొడవు. నల్ల ఇంకుతో ఒక ఆడమనిషి తల. ముఖం కాస్త పక్కకి తిరిగి ఉంది. ఒక కన్ను పూర్తిగా గీశారు, రెండో కంటికి రెప్ప గీత ఒక్కటే. చెవి ఉండాల్సిన చోట పెద్ద గుండ్రం, మధ్యలో చిన్న చుక్క. నుదుటి మీద జుట్టు దగ్గర నుంచి కనుబొమ్మల మధ్యకి ఒక నిలువు గీత, మళ్లీ కింది పెదవి దగ్గర నుంచి గడ్డం చివరికి ఇంకో నిలువు గీత. మెడ మీద మూడు వంపు గీతలు. తల వెనక భాగం అసలు గీయలేదు, అక్కడ తెల్ల కాగితమే. నీడలు లేవు, రంగు లేదు. సంతకం లేదు. కింద కుడి మూల "62" అని మాత్రం ఉంది.

మామయ్య వేసిన బొమ్మలు చిన్నప్పటి నుంచి చూశాను. దేవుడి పటాలు, స్కూలు వార్షికోత్సవం తెరలు, గాంధీగారి బొమ్మ. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. ఇది ఆయన వేసిందా, ఎవరైనా ఇచ్చిందా? ఇలాంటి బొమ్మని ఏమంటారు? ఎలా దాచుకోవాలి? అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయి వారమే అయింది, ఆవిడకి ఇంకా చూపించలేదు.

బరంపురం పట్టు (బరంపురం), ఆదివారం రాత్రి 10:05

అక్కా, ఫొటో చూడగానే ఒళ్లు జలదరించింది. నేను ఆర్ట్ కాలేజీలో చదవలేదు, కానీ పదేళ్లుగా దొరికిన బొమ్మల పుస్తకమల్లా చూస్తున్నాను. ఇది మోడర్న్ ఆర్ట్ పద్ధతి, అందులో సందేహం లేదు.

ఫ్రాన్సులో మతీస్ అనే చిత్రకారుడు ఇలాగే నాలుగైదు గీతల్లో ఆడవాళ్ల ముఖాలు గీసేవాడు. 1941, 42 ప్రాంతంలో మంచాన పడి లేచాక గీసిన 158 బొమ్మలు 1943లో ఒకే పుస్తకంగా అచ్చయ్యాయి. ఇటలీ నుంచి పారిస్ వచ్చిన మోదిగ్లియానీ పొడుగు మెడలు, కనుపాపలు లేని కళ్లు వేశాడు, 1920లో 35 ఏళ్లకే పోయాడు. పికాసో అయితే ఎదురుగా కనిపించే ముఖాన్ని, పక్క నుంచి కనిపించే ముఖాన్ని ఒకే తలలో కలిపేశాడు. మీ బొమ్మలో నుదుటి మీద, గడ్డం మీద నిలువు గీతలు ఉన్నాయి కదా, అవి అదే అని నా నమ్మకం. ముఖాన్ని రెండుగా విడగొట్టి చూపిస్తున్నాడు. చెవి స్థానంలో గుండ్రం కూడా అలాంటిదే.

1962లో పర్లాకిమిడిలో కూర్చుని ఒక డ్రాయింగ్ మాస్టారు పికాసో పద్ధతిని ఇంత బాగా పట్టుకున్నారంటే చాలా పెద్ద విషయం.

ప్రాణహిత (సిరొంచ), సోమవారం ఉదయం 6:45

తెలియక అడుగుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మా ఊళ్లో బొమ్మ అంటే పోలిక రావాలి. అచ్చం మనిషిలా ఉందంటేనే బాగుందంటాం. ఈ బొమ్మలో సగం తల లేదు, ఒక కన్ను లేదు. అయినా రాత్రి పడుకోబోయే ముందు చూసిన దాన్ని పొద్దున లేచి మళ్లీ చూశాను. ఆవిడ నన్ను చూడటం లేదు, ఎవరినో వింటున్నట్టు ఉంది. ఇన్ని తక్కువ గీతల్లో అది ఎలా వచ్చింది? పోలిక లేకుండా ఇది గొప్పదెలా అవుతుంది?

గుణుపురం మాస్టారు (గుణుపురం), సోమవారం ఉదయం 8:30

సిరొంచ అమ్మాయి అడిగిన ప్రశ్న నా దగ్గర పిల్లలు ప్రతి ఏడూ అడిగేవారు. నేనూ డ్రాయింగ్ మాస్టారుగానే రిటైరయ్యాను.

పోలిక రెండు రకాలమ్మా. కన్ను, ముక్కు, చెవి కొలతకి కొలత దించడం ఒకటి. ఫొటో వచ్చాక ఆ పని ఫొటో చేస్తోంది. మనిషి కూర్చున్న తీరు, మెడ ఎత్తిన తీరు, చూపు ఎటు పోయిందో పట్టుకోవడం రెండోది. దూరంగా గట్టు మీద నడిచిపోయే మనిషిని ముఖం కనపడకపోయినా నడకని బట్టి ఫలానా అని చెబుతాం కదా. అదీ పోలికే. బాపు బొమ్మలు తెలుగువాళ్లందరం చూశాం. ఆయన ఒక జడ గీత, ఒక నడుము గీత గీస్తే మిగతా మనిషిని మన కన్నే పూర్తిచేసుకుంటుంది. ఈ బొమ్మలో తల వెనక గీత లేదన్నావు. అయినా తల ఎక్కడ ముగుస్తుందో నీకు తెలుస్తోందా లేదా? కాగితం వెనక్కి వెళ్లినట్టు అనిపిస్తోందా లేదా? గీయకుండా చూపించడం అదే.

మహేంద్రతనయ గారూ, ఫొటో పెద్దది పెట్టండి. పగలు, కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా. గీత మొదలైన చోట, ఆగిన చోట నాకు దగ్గరగా కావాలి. కాగితం వెనక వైపు కూడా ఒక ఫొటో తీయండి. దయచేసి తడి వేలు పెట్టి ఇంకు చూడొద్దు. చాలామంది ఆ పని చేసి పాడుచేశారు.

ఛత్రపురం ప్రెస్ (ఛత్రపురం), సోమవారం ఉదయం 10:10

ముందు ఒకటి తేల్చుకోవాలి. ఇది చేత్తో గీసిందా, అచ్చు వేసిందా? మా నాన్నగారి కాలంలో ప్రెస్సులో ఇలాంటి గీత బొమ్మల్ని జింకు బ్లాకులు చేసి అచ్చువేసేవాళ్లం. చూడటానికి అచ్చం ఇంకుతో గీసినట్టే ఉంటుంది. భూతద్దం పెట్టి చూడండి. బ్లాకు అచ్చయితే గీత అంచుల్లోకి ఇంకు నెట్టుకుని చుట్టూ కాస్త చిక్కగా, మధ్యలో పలచగా ఉంటుంది, వెనక వేలితో తడిమితే గీతలు ఉబ్బెత్తుగా తగులుతాయి. ఆఫ్‌సెట్ కాపీ అయితే సన్నటి చుక్కలు కనిపించవచ్చు. చేత్తో గీసిందయితే గీత చివర ఇంకు నిలిచి చిన్న బొట్టు ఉంటుంది, రెండు గీతలు దాటుకున్న చోట నలుపు చిక్కబడుతుంది.

జయపురం (జయపురం), సోమవారం మధ్యాహ్నం 1:15

ఒక హెచ్చరిక. ఫొటో పెట్టగానే కొంతమంది మీకు మెసేజ్‌లు పెడతారు, కొంటామంటారు. తొందరపడొద్దు. సంతకం లేని బొమ్మ మీద రేపు ఎవరో ఒక పెద్దాయన సంతకం పుట్టుకొస్తుంది. రవీంద్రనాథ్ టాగూర్ ఆడవాళ్ల ముఖాలు ఇంకుతో చాలా వేశారు. అరవై దాటాకే పట్టుదలగా బొమ్మలు మొదలుపెట్టి రెండు వేలకు పైగా వేశారు, 1930లో పారిస్‌లో మొదటి ప్రదర్శన జరిగింది. అలాంటి పేరు తగిలించి అమ్మేవాళ్లుంటారు. టాగూర్, జామినీ రాయ్, నందలాల్ బోస్ లాంటి కొద్దిమంది బొమ్మల్ని 1972 నాటి చట్టం కింద జాతి సంపదగా ప్రకటించారు, వాటిని దేశం దాటించకూడదు. మీ బొమ్మ అలాంటిదని నేననను. దాని మీద లేని పేరు ఎవరినీ రాయనివ్వొద్దనే చెబుతున్నాను. ఆ "62" పక్కన ఎవరూ ఏమీ చేర్చకూడదు.

మహేంద్రతనయ, సోమవారం సాయంత్రం 5:40

పెద్ద ఫొటోలు తొమ్మిది పెట్టాను. భూతద్దంతో చూశాను. చుక్కలు లేవు, వెనక ఉబ్బు లేదు. గీతల చివర బొట్లు ఉన్నాయి. వెనక వైపు మెడ దగ్గర రెండు చోట్ల ఇంకు ఊరి మచ్చ కనిపిస్తోంది. అంటే చేత్తో గీసిందే.

జయపురం గారూ, అమ్మే ఆలోచన లేదండీ. మధ్యాహ్నం నుంచి ఇప్పటికే ముగ్గురు అడిగారు. మీరు ముందే చెప్పడం మంచిదయింది.

గుణుపురం మాస్టారు, సోమవారం రాత్రి 9:50

రెండు గంటలు ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. ఏం చూశానో వరసగా చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ఇది ఫౌంటెన్ పెన్ కాదు. ముంచి రాసే పాళీ. ఇంకు డ్రాయింగ్‌కి వాడే ఇండియన్ ఇంక్, అంటే మసితో చేసే నలుపు. దాంట్లో లక్క కలుస్తుంది కాబట్టి ఫౌంటెన్ పెన్‌లో పోస్తే గడ్డకట్టి పెన్ను పోతుంది, అందుకే పాళీతోనే వాడతాం. మామూలు రాత ఇంకయితే అరవై ఏళ్లలో వెలిసిపోయి గోధుమరంగుకో లేత నీలానికో తిరిగేది. మసి వెలవదు. మీ బొమ్మ ఈ రోజుకీ కాటుకలా ఉందంటే కారణం అదే.

పాళీ ఇంకు నిండా తాగి ఉన్నప్పుడు గీత నిండుగా వస్తుంది. నొక్కితే లావు, వదిలితే సన్నం. ఇంకు అయిపోవచ్చినప్పుడు ఇంకా నొక్కితే పాళీ మొనలు రెండూ విడిపోయి మధ్యలో ఖాళీ వదిలేస్తాయి. ఒక గీత బదులు రైలుపట్టాల్లా రెండు సన్న గీతలు పడతాయి. ఇది తెలిస్తే ఎక్కడ ముంచారో, ఎక్కడ అయిపోయిందో, ఏది ముందో ఏది తర్వాతో చదువుకోవచ్చు.

మొదటి ముంపు ఎడమ కనుబొమ్మ దగ్గర. అక్కడ లావు బొట్టుంది. అక్కడి నుంచి చెయ్యి ఎత్తకుండా ముక్కు మీదుగా దిగి, ముక్కుపుటం చుట్టి ఆగారు. ఆ ఒక్క గీతలోనే ముఖం ఎటు తిరిగిందో తేలిపోయింది. తర్వాత కన్ను, రెండో కంటి రెప్ప, పెదవులు. రెండో ముంపు కణత దగ్గర. చెంప మీదుగా దవడ దాకా ఒకే ఊపు. దవడ దగ్గరికొచ్చేసరికి పట్టాలు పడ్డాయి, ఇంకు అయిపోయింది. అయినా ఆపలేదు. ఆపి ముంచితే ఊపు పోతుందని భయపడినట్టుంది. ఆ ఎండిన గీతే చెంప ఎముకకి సరిపోయింది. మూడో ముంపు మెడ, ఆ మూడు వంపులు. నాలుగోది చెవి గుండ్రం.

అన్నీ కలిపి ఇరవై మూడు గీతలు లెక్కపెట్టాను. పెన్సిల్ గుర్తు ఒక్కటీ లేదు. నా అంచనా, మూడు నిమిషాలు మించదు. ఈ వేగం చెయ్యి తిరిగినవాడికే సాధ్యం. మీ మామయ్య పిల్లలకి బోర్డు మీద బొమ్మలు వేసిన చెయ్యి కదా, భుజం నుంచి వచ్చే గీత అది, వేలి గీత కాదు. ఆయనదే అని నేను నమ్ముతున్నాను.

ఒకటి మాత్రం నాకు అంతుపట్టలేదు. నుదుటి మీది, గడ్డం మీది నిలువు గీతలు మిగతావాటిలా లేవు. అవి వేగంగా పడలేదు. లావు సన్నం లేకుండా ఒకే మందంలో, నెమ్మదిగా, జాగ్రత్తగా, చివరికి చివర కలిసేలా గీశారు. చెవి గుండ్రం కూడా అంతే, అది ఊపు మీద తిప్పింది కాదు. బరంపురం బాబు అన్నట్టు ముఖాన్ని విడగొట్టడానికయితే ఇంత జాగ్రత్త ఎందుకు? ఉన్నదాన్ని ఉన్నట్టు దించాలనుకున్నప్పుడే చెయ్యి అలా నెమ్మదిస్తుంది.

వంశధార (కాశీనగర్), మంగళవారం ఉదయం 5:55

మాస్టారూ, ఉన్నదాన్ని ఉన్నట్టే దించారు.

నేను నర్సుగా పుట్టాసింగి చుట్టుపక్కల కొండల్లో పంతొమ్మిదేళ్లు తిరిగాను. ఈ ముఖం నాకు తెలుసు. ఈ ఒక్క మనిషి అని కాదు, ఇలాంటి ముఖాలు వందలు చూశాను. ఇవి ఈ కొండల్లో ఉండే సవర తెగ ఆడవాళ్ల పచ్చబొట్లు. వాళ్లలో లంజియా సవర అనే శాఖ పెద్దావిడలకి నుదుటి మధ్య నిలువుగా ఒక గీత, గడ్డం మీద ఒక గీత పొడిపించుకుని ఉంటాయి. చెవి దగ్గరి గుండ్రం చెవి కాదు. చెవితమ్మెలు చిన్నప్పటి నుంచి సాగదీసి అందులో గుండ్రటి కర్ర బిళ్లలు పెట్టుకుంటారు. దూరం నుంచి చూస్తే చెవి బదులు బిళ్లే కనిపిస్తుంది, బొమ్మలో ఉన్నట్టే. మెడ మీది మూడు వంపులు పూసల దండలు.

ఇప్పటి పిల్లలు పచ్చబొట్లు పొడిపించుకోవడం లేదు, చెవులు సాగదీసుకోవడం లేదు. అరవై దాటినవాళ్లలోనే కనిపిస్తున్నారు. రాత్రి ఈ ఫొటో చూసి చాలాసేపు నిద్ర పట్టలేదు. నాకు అంబలి పోసి, వాన ఆగేదాకా ఇంట్లో కూర్చోబెట్టిన ముసలమ్మలంతా గుర్తొచ్చారు. వాళ్లలో ఒక్కరి బొమ్మ కూడా నా దగ్గర లేదు.

బరంపురం పట్టు, మంగళవారం ఉదయం 7:30

వంశధార అక్కా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను చెప్పింది తప్పు. నాకు పుస్తకాల్లో పారిస్ తెలుసు, బరంపురం నుంచి బస్సెక్కితే వచ్చే కొండల మనుషుల ముఖాలు తెలియవు. అందుకే పచ్చబొట్టుని పికాసో అనుకున్నాను.

పికాసో 1907లో పారిస్‌లోని ఒక మ్యూజియంలో ఆఫ్రికా ముసుగులు చూసి కదిలిపోయాడని అందరూ రాస్తారు. మోదిగ్లియానీ పొడుగు ముఖాల వెనకా ఆ ముసుగులున్నాయి. వాళ్లు అద్దాల బీరువాలో ఉన్న ముసుగుల్ని చూశారు. ఆ ముసుగులు చేసిన మనుషులు వాళ్ల ఎదురుగా లేరు. ఈ మాస్టారి ఎదురుగా మనిషే ఉంది.

ప్రాణహిత, మంగళవారం ఉదయం 9:00

మా భామ్రాగఢ్ వైపు మాడియా తెగ పెద్దావిడల చేతుల మీద, ముఖాల మీద పచ్చబొట్లు చూశాను. సంతలో పక్కన కూర్చున్నా ఎప్పుడూ పరీక్షగా చూడలేదు. ఈసారి సంతకి వెళ్తే చూస్తాను. ముందు అడిగి చూస్తాను.

ఇచ్ఛాపురం (ఇచ్ఛాపురం), మంగళవారం ఉదయం 11:20

సరిహద్దుకి ఇవతల ఆంధ్రా వాణ్ని, నన్నూ ఒక మాట చెప్పనివ్వండి. పర్లాకిమిడిలో సవరల గురించి పట్టించుకున్న మాస్టారు అంతకుముందూ ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడి స్కూల్లో చెబుతూనే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు ఆయన రాజమండ్రి వచ్చేశారు. మీ మామయ్య ఆ ఊరి గాలి పీల్చినవారే కదా.

గుణుపురం మాస్టారు, మంగళవారం మధ్యాహ్నం 12:40

వంశధారమ్మా, నలభై ఏళ్లు గుణుపురం సంతలో తిరిగిన నాకు తట్టలేదు. కాగితం మీద చూసేసరికి సంత గుర్తు రాలేదు. నీ కన్ను పట్టింది.

ఇంకో మాట. ఈ బొమ్మకి మోడర్న్ ఆర్ట్ సంబంధం లేదని మాత్రం అనుకోవద్దు. వెనక తల వదిలేయడం, ఎండిన గీతని అలాగే ఉంచడం మన స్కూలు డ్రాయింగ్‌లో నేర్పేవి కావు. ఆ కాలం పత్రికల్లో వచ్చిన బొమ్మలు ఆయన చూసే ఉంటారు. మన వైపు కూడా అలాంటి గీత ఉంది. తాటాకు మీద ఘంటంతో గీసేవాళ్లని చూడండి. ఆకు మీద గీత పడిందంటే పడిందే, చెరపడానికి ఉండదు. గీశాక మసి రుద్ది తుడిస్తే గాడిలో నలుపు నిలుస్తుంది. ఈ ఇరవై మూడు గీతల్లో ఆ ధైర్యం ఉంది. మన దగ్గరే మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్, మయూర్‌భంజ్‌లో 1941లో పుట్టిన జతిన్ దాస్ ఇంకు గీతతోనే పెద్ద పేరు తెచ్చుకున్నారు. 1962 నాటికి వాళ్లు ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. మీ మామయ్య వాళ్లని చూసి నేర్చుకున్నది కాదు.

మహేంద్రతనయ, బుధవారం రాత్రి 8:15

రెండు రోజులు రాయలేకపోయాను. అత్తయ్యకి నిన్న కంటి కట్టు పూర్తిగా తీసేశారు. ఇవాళ సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి బొమ్మ చూపించాను. దగ్గరికి పెట్టుకుని చూసింది, దూరం పెట్టి చూసింది. తర్వాత అన్న మాటలు ఆవిడ అన్నట్టే రాస్తున్నాను.

"అడ్డాకులమ్మ కదే ఇది. నాకు పెళ్లయిన కొత్తలో ఒచ్చీది. కొండ దిగి తెల్లారి బయల్దేరితే మనింటి కాడికి ఒచ్చీసరికి ఎండెక్కిపోయీది. అడ్డాకుల కట్టలు, చింతపండు, కొండచీపుర్లు. ముందు మనింటికాడే దించీది. అరుగు మీద కూకుంటే మా అత్తగారు చోడంబలి పోసీవారు. తాగీసి ఎలిపోయీది. ఒక్క చెంబు అంబలి తాగినంతసేపే. చీకటి పడకముందు మళ్లీ కొండెక్కాలి కదే, ఆవిడికి తీరుబడి ఏదీ?"

మామయ్య ఆవిణ్ని బొమ్మ గీస్తానని అడిగారట. కూర్చోవడానికి ఒప్పుకోలేదట, పొద్దు పోతుందని. అంబలి తాగేటప్పుడు గీసుకోమని చెప్పిందట. "మీ మామయ్య పలక పట్టుకున్న పిల్లోడిలాగ ఎదురుగా కూకునీవారు. చెంబు దించీసరికి ఆవిడి లేచిపోయీది. ఎన్ని వారాలు కూకున్నారో. ఒకనాడు ఒచ్చింది అని కేకేశారు. నేను తడి చేతుల్తోటి ఒచ్చి చూశాను."

మాస్టారు మూడు నిమిషాలని రాసింది చదివి వినిపించాను. "అంతే, ఒక చెంబు అంబలి" అంది.

పేరు అడిగితే అత్తయ్యకి తెలియదు. వాళ్ల భాష వీళ్లకి రాదు, వీళ్ల తెలుగు ఆవిడకి నాలుగు ముక్కలే వచ్చు. కొన్నేళ్లకి రావడం మానేసిందట. ఆ సంగతి చెబుతూ అత్తయ్య చాలాసేపు ఊరుకుంది.

తర్వాత పెట్టె మళ్లీ వెతికాను. పరీక్ష కాగితాలని మొదటి రోజు పక్కన పడేసిన కట్టలో, ఆ కాగితాల వెనక వైపున, పెన్సిల్‌తో ఆవిడే. నలభై ఒక్కటి లెక్కపెట్టాను. చెంబు ఎత్తిన చెయ్యి, చెవి బిళ్ల ఒక్కటే, గడ్డం మీది గీత ఒక్కటే, కొప్పు. కొన్ని సగంలో ఆగిపోయాయి. కొన్నిట్లో నీడలు, ముడతలు అన్నీ దించారు, అచ్చం ఫొటోలా ఉన్నాయి. ఫొటోలు రేపు పెడతాను.

ప్రాణహిత, బుధవారం రాత్రి 8:50

నలభై ఒక్కటి! అంటే పోలిక దించడం ఆయనకి వచ్చు. దించి దించి, అక్కర్లేనివి తీసేశారు. నా ప్రశ్నకి ఇప్పుడు జవాబు దొరికింది. మీ అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి.

బరంపురం పట్టు, బుధవారం రాత్రి 9:30

మతీస్ కూడా పెన్నుతో గీసేముందు బొగ్గుతో అదే మనిషిని మళ్లీ మళ్లీ గీసేవాడట. మనిషి బాగా తెలిశాక, బొగ్గు పక్కన పెట్టి, పెన్ను తీసుకుని చూడకుండా గీసినంత తేలిగ్గా గీసేవాడు. మొదటి రోజు ఆయన పేరు చెప్పింది గీతల పోలిక చూసి. పోలిక ఉన్నది గీతల వెనక పనిలో. ఆయన దగ్గర మోడల్ గంటల తరబడి కూర్చునేది. ఇక్కడ అంబలి అయిపోతే బొమ్మ ఆగిపోవాలి. ఆ దవడ దగ్గర ఇంకు అయిపోయినా ముంచకుండా గీసుకుపోయారని మాస్టారు చెప్పారు కదా, అది తలుచుకుంటే ఉండబట్టడం లేదు. చెంబు అడుగుకి వచ్చేసి ఉంటుంది.

వంశధార, గురువారం ఉదయం 6:10

అక్కా, ఒక్కటి అడుగుతాను. కుదరదంటే వద్దు. ఈ బొమ్మ కాపీ ఒకటి నాకు ఇప్పించగలరా? నాతో పనిచేసిన ఆశా కార్యకర్తలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు. పర్లాకిమిడికి అడ్డాకులు మోసుకెళ్లిన పెద్దావిడల గురించి ఎవరికైనా గుర్తుండొచ్చు. పేరు దొరుకుతుందని చెప్పలేను. వాళ్ల ఇళ్లలో ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండితో ఇడితాల్ బొమ్మలు వేసుకుంటారు, పెద్దల కోసం, దేవతల కోసం. బొమ్మ అంటే వాళ్లకి ఆట వస్తువు కాదు. అందుకని ఊరికే ఫోన్‌లో తిప్పకుండా కాగితం మీద తీసుకెళ్లి చూపించాలని ఉంది.

మహేంద్రతనయ, గురువారం ఉదయం 7:00

అయ్యో, అలా అడగాలా? రెండు కాపీలు తీయిస్తాను. ఒకటి మీకు, ఇంకొకటి ఎవరైనా ఆవిడ మనవలో మునిమనవలో దొరికితే వాళ్లకి.

ఛత్రపురం ప్రెస్, గురువారం ఉదయం 9:15

కాపీ తీయించేటప్పుడు రోలర్‌లోంచి లాగే మెషీన్‌లో పెట్టనివ్వకండి. పైన పలకలా మూత ఉండే స్కానర్ మీద పెట్టి ఒక్కసారి స్కాన్ చేయిస్తే చాలు, తర్వాత ఎన్ని కావాలన్నా తీసుకోవచ్చు.

ఇక దాచడం. లామినేషన్ వద్దు, ఎంత చెప్పినా వద్దు. సెల్లోటేప్ వద్దు, దాని జిగురు కొన్నేళ్లకి పసుపు మచ్చ దించుతుంది, అది పోదు. మన తీరం గాలికి తేమ ఎక్కువ, అద్దం కాగితానికి ఆనుకుంటే చెమ్మ పట్టి అంటుకుపోతుంది. అందుకే మధ్యలో మౌంట్ అట్ట ఉండాలి. మామూలు అట్టలో ఆమ్లం ఉంటుంది, కాగితాన్ని గోధుమరంగు చేస్తుంది. యాసిడ్ ఫ్రీ మౌంట్ అని అడిగి తీసుకోండి, భువనేశ్వర్‌లో, విశాఖలో దొరుకుతుంది. పెన్సిల్ బొమ్మల మధ్య కూడా యాసిడ్ లేని పల్చటి కాగితం పెట్టి, పడుకోబెట్టి ఉంచండి. కలరా ఉండలు కాగితానికి తగలనివ్వొద్దు. నెలకోసారి పెట్టె తెరిచి చూస్తే పురుగు చేరదు. ఆ పంచె ముక్క పారేయకండి, దాన్నీ ఉతక్కుండా దాచండి.

మహేంద్రతనయ, గురువారం రాత్రి 9:05

ఫ్రేము కట్టే ఆయనతో మాట్లాడాను, విశాఖ నుంచి మౌంట్ తెప్పిస్తానన్నాడు. చుట్టూ మూడు అంగుళాలు వదలమన్నాను.

అత్తయ్య దాన్ని వీధరుగు మీది గోడకే పెట్టాలంటోంది, ఆవిడ కూర్చున్న చోట. అక్కడ మధ్యాహ్నం ఎండ నేరుగా కొడుతుంది. ఏం చెప్పమంటారు మాస్టారూ? ఇంకొక సందేహం. బొమ్మ కింద ఎడమ మూల బూడిద రంగు మరక ఒకటి ఉంది, బొటనవేలంత. తడి చేతులతో వచ్చి చూశానని అత్తయ్య చెప్పింది కదా, అది తన వేలిదేనంటోంది. అంట్లు తోముతూ బూడిద చేతులతో వచ్చిందట. మెత్తటి రబ్బరుతో తుడిస్తే పోతుందా?

గుణుపురం మాస్టారు, గురువారం రాత్రి 9:40

మసి ఇంకు ఎండకి వెలవదు కానీ కాగితం పచ్చబడి పెళుసెక్కుతుంది. అరుగు మీద కాపీ పెట్టండి. అసలు బొమ్మ లోపల, అత్తయ్యగారు పడుకుని చూస్తే కనిపించే గోడకి పెట్టండి.

ఆ మరకని ముట్టుకోవద్దు. అలాగే ఉంచి ఫ్రేము కట్టించండి.